సొంత ప్యాచ్ పెట్టుకోవాలా, అప్‌స్ట్రీమ్ సవరణ కోసం ఆగాలా?

మనం వాడే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం మనం రాసినది కాదు. ఒక లైబ్రరీనో, డేటాబేస్‌నో, కెర్నెల్‌నో వేరొక బృందం రాసి విడుదల చేస్తే, దాన్ని తెచ్చుకుని మన ఉత్పత్తిలో కలుపుకుంటాం. రాసి విడుదల చేసేవారిని అప్‌స్ట్రీమ్ అనీ, తెచ్చుకుని వాడుకునేవారిని డౌన్‌స్ట్రీమ్ అనీ వ్యవహరిస్తారు. ఆ కోడ్‌లోని బగ్ ఒకటి మన పనికి అడ్డుపడినప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. మన కాపీలో మనమే దాన్ని సరిచేసుకుని, ఆ ప్యాచ్‌ను ప్రతి కొత్త వెర్షన్ మీదా మళ్లీ వేసుకుంటూ పోవడం ఒకటి. అప్‌స్ట్రీమ్ సరిచేసి విడుదల చేసేదాకా ఆగడం మరొకటి. వీటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో, ప్యాచ్ తప్పనిసరి అయినప్పుడు దాన్ని ఎలా నిర్వహించాలో, చివరకు ఎలా వదిలించుకోవాలో ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను: సొంత ప్యాచ్ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు గానీ, ఏ పరిస్థితిలో దాన్ని తీసేస్తామో రాసుకోకుండా పెట్టుకోకూడదు.

మొదట నిజంగా ప్యాచ్ అవసరమేనా

బగ్ కనబడగానే ఎడిటర్ తెరవడం చాలామందికి అలవాటు. దానికంటే ముందు చేయవలసింది, అదే బగ్ అప్‌స్ట్రీమ్ తాజా విడుదలలోనూ, అభివృద్ధి బ్రాంచ్‌లోనూ వస్తోందా అని పరీక్షించడం. బగ్ ట్రాకర్‌లో తెరిచి ఉన్న ఇష్యూలతో పాటు మూసేసినవి కూడా వెతకాలి, ఎందుకంటే సవరణ అభివృద్ధి బ్రాంచ్‌లోకి ఎప్పుడో చేరిపోయి, విడుదల మాత్రమే మిగిలి ఉన్న సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. అప్పుడు మనం చేయవలసింది కొత్త ప్యాచ్ రాయడం కాదు, ఉన్న కమిట్‌ను (నమోదైన మార్పును) మన పాత వెర్షన్‌కు తెచ్చి వేసుకోవడం, అంటే బ్యాక్‌పోర్ట్ చేయడం. బ్యాక్‌పోర్ట్‌కు అప్‌స్ట్రీమ్ సమీక్ష జరిగిపోయి ఉంటుంది, తర్వాతి విడుదలలో అది తనంతట తానే అనవసరమైపోతుంది. సొంతంగా రాసిన ప్యాచ్‌కు ఈ రెండు హామీలూ ఉండవు.

ఇక మూడో దారి ఒకటుంది. కోడ్ జోలికి పోకుండా, లోపమున్న భాగాన్ని ఆపేసి గండం గడిపే వీలుందేమో చూడాలి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, సవరించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్‌కు వెంటనే మారలేనివారు హార్ట్‌బీట్ సదుపాయమే లేకుండా పాత కోడ్‌ను తిరిగి కంపైల్ చేసుకునే అవకాశం ఉండేది. 2021 డిసెంబరులో లాగ్4జే లైబ్రరీలో లాగ్4షెల్ లోపం బయటపడినప్పటి అనుభవం ఇంకా స్పష్టంగా ఉంటుంది. మొదట వచ్చిన 2.15.0 సవరణ అసంపూర్ణమని తేలి 2.16.0, ఆ తర్వాత మరో లోపానికి 2.17.0 అదే నెలలో విడుదలయ్యాయి. తాత్కాలిక ఉపాయంగా సూచించిన ఒక సెట్టింగ్ కూడా అన్ని సందర్భాల్లో సరిపోదని తేలింది. జార్ ఫైల్‌లోంచి లోపానికి మూలమైన జేఎన్‌డీఐ లుకప్ క్లాస్‌నే తొలగించిన వారి ఉపాయం మాత్రం నిలబడింది. ఒక సదుపాయాన్ని సెట్టింగ్‌తో నిద్రపుచ్చడం కంటే, అవసరం లేనప్పుడు దాన్ని పూర్తిగా తీసేయడమే నమ్మదగినది. అప్‌స్ట్రీమ్ కోసం ఆగాలని నిర్ణయించుకున్నవారు కూడా మొదటి సవరణతోనే పని ముగిసిందని అనుకోకూడదన్నది కూడా ఈ ఉదంతం వల్లే తెలుస్తుంది.

రెండు వైపులా ఎంత ఖర్చవుతుంది

ఆగడానికయ్యే ఖర్చు రోజులవారీగా పడుతుంది, ప్యాచ్‌కయ్యే ఖర్చు విడుదలలవారీగా పడుతుంది. ఈ రెంటినీ ఒకే కాగితం మీద రాసుకుంటే చాలా సందర్భాల్లో నిర్ణయం దానంతట అదే తేలిపోతుంది. డేటా చెడిపోతున్నా, భద్రతా లోపం ఉన్నా, సర్వీసు ఆగిపోతున్నా ఒక్క రోజు ఆగడం కూడా భారమే. తెరమీద ఒక గడి వంకరగా కనబడటమో, లాగ్‌లో అనవసర హెచ్చరిక రావడమో అయితే నెలలు ఆగినా నష్టం లేదు.

ఆగవలసిన కాలం ఎంతో అంచనా వేయడానికి ఆ ప్రాజెక్టు విడుదలల తీరు చూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బగ్ సవరణలతో కూడిన చిన్న విడుదలలను కనీసం 3 నెలలకొకసారి ఇస్తుంది, వాటి తేదీలు కూడా ముందే ప్రకటిస్తుంది. లైనక్స్ కెర్నెల్ కొత్త వెర్షన్ సుమారు 9, 10 వారాలకొకటి వస్తుంది. ఇలాంటి చోట్ల ఆగడానికి ఒక హద్దు ఉంటుంది. గత విడుదల జరిగి ఏడాదిన్నర దాటిన ప్రాజెక్టులో అయితే ఆగడానికి తేదీ అనేదే ఉండదు కాబట్టి, అక్కడ ఆగుతామని చెప్పడం బగ్‌తోనే బతుకుతామని చెప్పడంతో సమానం.

ప్యాచ్ ఖర్చును తేల్చడానికి నేను మొదట చూసేది, తాకబోయే ఫైల్ గత ఏడాదిలో అప్‌స్ట్రీమ్‌లో ఎన్నిసార్లు మారిందన్నది. గిట్ లాగ్‌కు ఆ ఫైల్ పేరిచ్చి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి కదలని ఫైల్‌లో ఇరవై లైన్ల ప్యాచ్ పెద్ద భారం కాదు. వారానికోసారి మారే ఫైల్‌లో రెండు లైన్ల ప్యాచ్ ప్రతి విడుదలకూ ఒక పూట పని పెడుతుంది. లైన్ల సంఖ్య చూసి మోసపోకూడదు.

అలా మోసపోయే మరో సందర్భం, ప్యాచ్ కొత్త లైబ్రరీని లోపలికి తెచ్చినప్పుడు ఎదురవుతుంది. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఒకటి బయటపడింది. భద్రతా లోపాల ఉమ్మడి జాబితాలో (సీవీఈ) దాని సంఖ్య సీవీఈ-2024-3094. దాని గురి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మీద. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మూల కోడ్‌కు ఎక్స్‌జెడ్ వారి లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏతో సంబంధమే లేదు. కానీ సర్వర్ సిద్ధమైందని, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి తెలియజేయడానికి కొన్ని లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లు సొంత ప్యాచ్‌తో లిబ్‌సిస్టమ్‌డీని కలిపాయి, దాని వెనకే లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ కూడా లోపలికి వచ్చింది. నిజానికి ఆ సమాచారం పంపడమంటే ఒక సాకెట్‌లోకి చిన్న సందేశం రాయడమే. ఆ ఏడాది జులైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో అప్‌స్ట్రీమే ఆ పనిని ఏ లైబ్రరీ మీదా ఆధారపడకుండా చేర్చింది. కనుక ప్యాచ్‌ను సమీక్షించేటప్పుడు, అది ఏయే లైబ్రరీలను వెంట తెస్తోందో ఎల్‌డీడీ వంటి ఉపకరణంతో ప్యాచ్‌కు ముందూ తర్వాతా పోల్చి చూడాలి.

కొన్ని చోట్ల మాత్రం ఖర్చుల లెక్క పక్కనపెట్టి, మనకు ఆ కోడ్ ఎంత అర్థమైందో నిజాయితీగా చూసుకోవాలి. క్రిప్టోగ్రఫీ అందులో మొదటిది. 2006లో డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీని చూసే మెయింటెయినర్, మెమరీ లోపాలను పట్టే వాల్‌గ్రైండ్ వంటి ఉపకరణాలు ఇస్తున్న హెచ్చరికలను పోగొట్టడానికి రెండు లైన్లను తొలగించారు. వాటిలో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి కావలసిన ముడిసరుకును కలిపే లైను. అది పోయాక తాళంచెవుల తయారీలో మిగిలిన వైవిధ్యమల్లా ప్రాసెస్ సంఖ్యే, అది గరిష్ఠంగా 32,768. ఈ లోపం 2008 మేలో సీవీఈ-2008-0166గా బయటపడేసరికి డెబియన్‌లోనూ, దాని మీద ఆధారపడిన ఉబుంటు వంటి వాటిలోనూ తయారైన ఎస్‌ఎస్‌హెచ్, ఎస్‌ఎస్‌ఎల్ తాళంచెవులన్నీ ఊహించదగినవై కూర్చున్నాయి. అందరూ వాటిని పారేసి కొత్తవి చేసుకోవలసి వచ్చింది. ఇందులో గమనించవలసిన సంగతి, ఆ మార్పు గురించి అప్‌స్ట్రీమ్ వారిని ముందుగా అడగడం జరిగింది. అడగడం వేరు, మార్పును ప్యాచ్‌గా పంపి సమీక్ష చేయించుకుని అప్‌స్ట్రీమ్ కోడ్‌లో చేర్పించడం వేరు. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు.

ప్యాచ్‌ను ఎలా ఉంచుకోవాలి

అప్‌స్ట్రీమ్ ఇచ్చిన కోడ్‌ను ముట్టుకోకుండా అలాగే ఉంచి, మన మార్పులను దాని పైన విడిగా, వరుసగా పేర్చుకోవాలి. ఒక్కో ప్యాచ్ ఒక్క పనే చేయాలి. డెబియన్ పద్ధతిలో క్విల్ట్ అనే ఉపకరణం సిరీస్ అనే ఫైల్‌లో రాసిన వరుస ప్రకారం ప్యాచ్‌లను వేస్తుంది, తీస్తుంది. గిట్ వాడేవారు అప్‌స్ట్రీమ్ విడుదల ట్యాగ్ మీద ఒక బ్రాంచ్ తీసి, తమ ప్యాచ్‌లను దాని పైన కమిట్‌లుగా పెట్టుకుని, కొత్త విడుదల రాగానే ఆ కమిట్‌లను కొత్త ట్యాగ్ మీదకు రీబేస్ చేయాలి, అంటే కొత్త కోడ్ మీద మళ్లీ వరుసగా వేయాలి. అప్‌స్ట్రీమ్‌ను మన బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకుంటూ పోతే మొదట సులువుగానే ఉంటుంది. అయితే మన మార్పులు మెర్జ్ కమిట్‌లలో చెల్లాచెదురై, రెండేళ్ల తర్వాత మనం మార్చిందేమిటో చెప్పమంటే ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది.

ప్రతి ప్యాచ్ తలమీద దాని జాతకం ఉండాలి. డెబియన్‌లో డీఈపీ-3 అనే మార్గదర్శకం ఇందుకోసం వివరణ, మూలం, బగ్ చిరునామా, అప్‌స్ట్రీమ్‌కు పంపామా లేదా, చివరిసారి సరిచూసిన తేదీ వంటి అంశాలను సూచిస్తుంది. ఎంబెడెడ్ లైనక్స్ తయారీకి వాడే యోక్టో ప్రాజెక్టులో ప్రతి ప్యాచ్‌కూ అప్‌స్ట్రీమ్ స్థితి రాయాలి: ఇంకా పంపలేదా, పంపామా, తిరస్కరించారా, బ్యాక్‌పోర్టా, అప్‌స్ట్రీమ్‌కు తగనిదా అని. ఆండ్రాయిడ్ కెర్నెల్‌లో కమిట్ శీర్షిక మొదటే ఆ కమిట్ అప్‌స్ట్రీమ్ నుంచి యథాతథంగా వచ్చిందో, సర్దుబాటుతో వచ్చిందో, పూర్తిగా సొంతదో తెలిపే గుర్తు ఉంటుంది. ఈ మూడింటిలో ఏ పద్ధతైనా ఫర్వాలేదు. నేను వీటికి మరో మూడు వరుసలు చేర్చమంటాను. ఉదాహరణకు, నెట్‌వర్క్ లైబ్రరీ ఒకదానికి పెట్టుకున్న ప్యాచ్ తలభాగం ఇలా ఉండవచ్చు:

వివరణ: సర్వర్ కనెక్షన్‌ను మధ్యలో తెంపితే క్లయింట్ మళ్లీ ప్రయత్నించకుండా ఆగిపోతోంది. కనెక్ట్ ఫంక్షన్‌లో 3 సార్లు ప్రయత్నించేలా మార్చాం.
మూలం: సొంతంగా రాసినది.
అప్‌స్ట్రీమ్ స్థితి: పంపాం, సమీక్షలో ఉంది.
పరీక్ష: కనెక్షన్ తెగినప్పుడు తిరిగి కలిసే పరీక్ష. ప్యాచ్ లేకపోతే ఇది విఫలం కావాలి.
తీసేయవలసిన షరతు: అప్‌స్ట్రీమ్ తిరిగి ప్రయత్నించే సదుపాయాన్ని ఏ రూపంలో విడుదల చేసినా.
బాధ్యులు: నెట్‌వర్క్ బృందం.

చివరి మూడు వరుసలూ ఏ ప్రామాణికంలోనూ ఈ రూపంలో కనిపించకపోవచ్చు గానీ, ప్యాచ్ రాసినవారు ఉద్యోగం మారిన తర్వాత పనికొచ్చేవి అవే.

కొత్త విడుదల వచ్చిన రోజు

అసలు కష్టం ఇక్కడే ఉంటుంది. ప్యాచ్ వేస్తే కొత్త కోడ్‌తో పొసగక తగాదా (కాన్‌ఫ్లిక్ట్) వచ్చి ఆగిపోయిందంటే అది మంచి పరిణామమే, ఎందుకంటే మనిషి కూర్చుని చూడక తప్పదు. ప్రమాదమంతా ఏ తగాదా లేకుండా వేసుకుపోయిన ప్యాచ్‌తోనే. యూనిక్స్ ప్యాచ్ ప్రోగ్రామ్ చుట్టుపక్కల లైన్లు కొద్దిగా మారినా సర్దుకుపోతుంది, దాన్నే ఫజ్ అంటారు. మామూలుగా రెండు లైన్ల దాకా తేడాను అది పట్టించుకోదు. ఒకే ఫైల్‌లో ఒకేలా కనిపించే రెండు ఫంక్షన్లు ఉంటే, మన మార్పు ఒకదానికి బదులు మరొకదానిలో చేరిపోయి, తెరమీద విజయవంతమైందనే సందేశమే కనిపిస్తుంది. ఫజ్ విలువను సున్నా చేసి, తేడా వస్తే ఆగిపోయేలా బిల్డ్‌ను అమర్చుకోవాలి. డెబియన్ మూల ప్యాకేజీల పద్ధతీ, ఫెడోరా ప్యాకేజీల బిల్డ్ పద్ధతీ ఇప్పటికే ఇలా ఉన్నాయి.

ఫజ్ లేకపోయినా తప్పించుకోలేని చిక్కు ఇంకొకటి ఉంది. పైన చెప్పిన ఉదాహరణనే తీసుకుందాం. మన ప్యాచ్ కనెక్ట్ ఫంక్షన్ లోపల 3 సార్లు ప్రయత్నిస్తుంది. అదే బగ్‌ను అప్‌స్ట్రీమ్ తనదైన పద్ధతిలో, కనెక్ట్‌ను పిలిచే ఫంక్షన్‌లో 3 ప్రయత్నాలు పెట్టి సరిచేసిందనుకుందాం. రెండు మార్పులూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి కాబట్టి తగాదా రాదు, పరీక్షలన్నీ నెగ్గుతాయి. నిజంగా సర్వర్ పడిపోయిన రోజున మాత్రం ఒక్కో క్లయింట్ 9 సార్లు తలుపు తడుతుంది. అసలే లేవలేకపోతున్న సర్వర్ మీద అన్ని క్లయింట్లూ కలిసి ఇలా విరుచుకుపడటానికి కారణం వెతకడం ఎంత కష్టమో, అలాంటి రాత్రి ఒక్కటి గడిపినవారికి చెప్పనక్కర్లేదు.

అందువల్ల కొత్త విడుదల మీద మొదట చేయవలసిన పని ప్యాచ్ వేయడం కాదు. ప్యాచ్‌లేవీ వేయకుండా అప్‌స్ట్రీమ్ కోడ్‌ను బిల్డ్ చేసి, ప్యాచ్‌ల కోసం రాసుకున్న పరీక్షలన్నీ దాని మీద నడపాలి. ఏ పరీక్ష నెగ్గిందో దానికి చెందిన ప్యాచ్‌ను పక్కన పెట్టి, అప్‌స్ట్రీమ్ ఏం చేసిందో చదవాలి. విఫలమైన పరీక్షల ప్యాచ్‌లను మాత్రమే కొత్త కోడ్ మీదకు తీసుకెళ్లాలి. మన ప్యాచ్ అప్‌స్ట్రీమ్‌లో చేరిందో లేదో గిట్ చెర్రీ చెబుతుంది కదా అనిపించవచ్చు. అది మార్పు అక్షరాలా ఒకటే అయినప్పుడే పోల్చగలదు. సమీక్షలో నాలుగు మార్పులు చెప్పించుకుని చేరిన ప్యాచ్‌ను అది గుర్తుపట్టలేదు. రీబేస్ పూర్తయ్యాక గిట్ రేంజ్-డిఫ్‌తో పాత వరుసనూ కొత్త వరుసనూ పక్కపక్కన పెట్టి చదవడం మంచిది. ఒకే తగాదాను పదేపదే పరిష్కరించవలసి వస్తుంటే గిట్ రెరెరె అనే సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే, మొదటిసారి చేసిన పరిష్కారాన్ని గుర్తుంచుకుని మళ్లీ అదే వేస్తుంది. ఒకసారి తప్పుగా పరిష్కరిస్తే ఆ తప్పును కూడా అంతే శ్రద్ధగా గుర్తుంచుకుంటుందన్నది మరవకూడదు.

భాషల ప్యాకేజీ వ్యవస్థల్లో ఈ పని పైకి తేలికగా కనిపిస్తుంది. రస్ట్ వారి కార్గోలో ప్యాచ్ విభాగం, గోలో రీప్లేస్ ఆదేశం, ఎన్‌పీఎంలో ఓవర్‌రైడ్స్ ఉన్నాయి. ఏది వాడినా బ్రాంచ్ పేరు కాకుండా నిర్దిష్ట కమిట్‌ను సూచించాలి. కార్గో ప్యాచ్, గో రీప్లేస్ రెండూ పై స్థాయి ప్రాజెక్టులోనే పనిచేస్తాయి. మీరు విడుదల చేసేది లైబ్రరీ అయితే, దాన్ని వాడుకునేవారికి మీ సవరణ అందదు, వారికి పాత బగ్గే అందుతుంది.

పంపడం, ఎదురుచూడడం

సొంత ప్యాచ్ పెట్టుకున్న రోజే దాన్ని అప్‌స్ట్రీమ్‌కు పంపాలి. వచ్చే వారం పంపుదామనుకున్న ప్యాచ్‌లు సాధారణంగా వెళ్లవు. భద్రతా లోపమైతే బహిరంగ ట్రాకర్‌లో పెట్టకుండా ఆ ప్రాజెక్టు ప్రకటించిన రహస్య మార్గంలో తెలపాలి. మిగిలినవాటికి చిన్న మార్పు, దాన్ని నిరూపించే పరీక్ష, బగ్‌ను తిరిగి పుట్టించే విధానం జతచేసి పంపితే అంగీకారానికి అవకాశం ఎక్కువ. లైనక్స్ కెర్నెల్ వంటి చోట్ల రచయిత సైన్డ్-ఆఫ్-బై వరుస ఉండాలి, మరికొన్ని ప్రాజెక్టులు ఒప్పంద పత్రం అడుగుతాయి. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ అయితే సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. రెండు వారాలు గడిచినా సమాధానం రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయడంలో తప్పు లేదు.

తిరస్కరిస్తే కారణం జాగ్రత్తగా చదవాలి. మీ అవసరం సరైనదే గానీ చోటు సరైనది కాదని చాలాసార్లు చెబుతారు. అప్పుడు అదే పనిని బయటి కోడ్‌ను తగిలించుకునే ఒక హుక్‌గానో, మామూలుగా ఆఫ్‌లో ఉండే ఆప్షన్‌గానో మార్చి పంపితే ఒప్పుకోవచ్చు. అలా ఒప్పుకున్న హుక్ వల్ల మన ప్రత్యేక కోడ్ ప్యాచ్‌గా కాక ప్లగిన్‌గా బయట ఉంటుంది, రీబేస్ బాధ తప్పుతుంది.

లైనక్స్ స్థిర శాఖల (విడుదలైన వెర్షన్లకు సవరణలు మాత్రమే చేర్చే శాఖల) నియమం ఒకటి సొంత బృందంలోనూ అమలు చేయదగినది: ఏ సవరణైనా ముందు ప్రధాన కెర్నెల్‌లో చేరాలి, ఆ తర్వాతే స్థిర శాఖల్లోకి రావాలి, చుట్టుపక్కల లైన్లతో కలిపి అది 100 లైన్లు దాటకూడదు. అత్యవసర భద్రతా సవరణకు మినహాయింపు ఇచ్చుకుని, మిగిలిన వాటికి అప్‌స్ట్రీమ్‌కు పంపిన ఆధారం లేనిదే మన వరుసలో చోటివ్వమని నియమం పెట్టుకుంటే ప్యాచ్‌ల సంఖ్య దానంతట అదే తగ్గుతుంది.

చాలా ఏళ్లు బయటే ఉండవలసి వచ్చే పెద్ద మార్పులూ ఉంటాయి. కెర్నెల్‌ను రియల్-టైమ్ పనులకు అనువుగా మార్చే ప్రీఎంప్ట్-ఆర్‌టీ ప్యాచ్‌లు దాదాపు 20 ఏళ్లు బయట నడిచి, 2024లో వచ్చిన 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నెల్‌లో పూర్తిగా చేరాయి. ఇన్నేళ్లు అది నిలవగలగడానికి కారణం, ఆ బృందం మొత్తాన్నీ ఒక్కసారి చేర్చాలని పట్టుబట్టకుండా ముక్కముక్కగా చేరుస్తూ, బయట మిగిలిన భారాన్ని క్రమంగా తగ్గించుకుంటూ రావడం. అంతటి పనికి దాన్నే వృత్తిగా చేసుకున్న మనుషులు కావాలి. అలాంటివారు లేని బృందం వేల లైన్ల ప్యాచ్‌ను నెత్తికెత్తుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

పేరు, లైసెన్సు, చివరి రోజు

ప్యాచ్ వేసిన బిల్డ్‌కు అప్‌స్ట్రీమ్ వెర్షన్ సంఖ్యనే ఉంచకుండా తోక తగిలించాలి. లేకపోతే మన మార్పు వల్ల పుట్టిన బగ్‌ను అప్‌స్ట్రీమ్ వారి నెత్తిన రుద్దినట్టవుతుంది. బ్యాక్‌పోర్ట్ చేసిన ప్రతి భద్రతా సవరణకూ దాని సీవీఈ సంఖ్యను ప్యాకేజీ మార్పుల చిట్టాలో రాయాలి. డెబియన్, రెడ్ హ్యాట్ వంటివి పాత వెర్షన్ సంఖ్య మీదే సవరణలు చేరుస్తాయి కాబట్టి, వెర్షన్ సంఖ్య మాత్రమే చూసే స్కానర్లు సరిచేసిన ప్యాకేజీని కూడా లోపమున్నదిగా చూపిస్తాయి. ఆ చిట్టాయే అప్పుడు సమాధానం. జీపీఎల్ కింద ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మార్చి బయటివారికి పంపిణీ చేస్తే మార్చిన మూల కోడ్ కూడా ఇవ్వాలి. పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కులుంటే అదీ చూసుకోవాలి. ఆ కారణంగానే డెబియన్ తాను ప్యాచ్ చేసిన ఫైర్‌ఫాక్స్‌ను 2006 నుంచి దాదాపు పదేళ్లు ఐస్‌వీజల్ పేరుతో ఇచ్చింది.

అప్‌స్ట్రీమ్ పూర్తిగా ఆగిపోయిందని తేలితే ప్యాచ్‌ల వరుస పెంచుకుంటూ పోవడం సరికాదు. ఆ కోడ్‌కు మనమే అప్‌స్ట్రీమ్ అయ్యామని ఒప్పుకుని, ఫోర్క్‌గా (విడి ప్రాజెక్టుగా) ప్రకటించి, దాని భద్రతా సవరణల బాధ్యత కూడా తీసుకోవాలి. లేదా వేరే లైబ్రరీకి మారాలి.

మామూలుగా మాత్రం అప్‌స్ట్రీమ్ సవరణ ఏదో ఒక రోజు వస్తుంది. ఆ రోజు సిరీస్ నుంచి ప్యాచ్‌ను తొలగించే కమిట్‌లో, ఏ అప్‌స్ట్రీమ్ కమిట్ దాన్ని అనవసరం చేసిందో, ఏ వెర్షన్ నుంచి అది అందుబాటులో ఉందో రాయాలి. ప్యాచ్‌తో పాటు దాని పరీక్షను కూడా తీసేయకూడదు. అది అప్‌స్ట్రీమ్ పరీక్షల్లో ఇప్పటికే చేరకపోయి ఉంటే అదే రోజు అక్కడికీ పంపాలి, ఎందుకంటే ఆ బగ్ మళ్లీ తలెత్తితే తెలిసేది దానివల్లే.